ఆ వాయింపులో డైనమిక్స్ మింగేసింది ఫోనే!

సూటిగా పాయింటుకి వచ్చేస్తున్నా. ఫోన్‌లో రికార్డు చేసిన పియానో విని "డైనమిక్స్ (సౌండ్‌లో హెచ్చుతగ్గులు) లేవు" అని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఎవరికీ అంటే ఎవరికీ లేదు, ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న మాస్టారికైనా సరే!

బీథోవెన్ పియానో ముక్క మూన్‌లైట్ సొనాటా ఉంది కదా, దాని మూడో మూవ్‌మెంట్ (మూడో భాగం) మీద ఆన్‌లైన్‌లో నడుస్తున్న గొడవ గురించే ఇదంతా. పాపం ఎవరో ఇంట్లో ప్రాక్టీస్ చేసుకుని, ధైర్యం చేసి, "తప్పులుంటే చెప్పండి" అని రికార్డింగ్ పెడితే ఒకాయనేమో "క్రెసెండో (సౌండ్ మెల్లగా పెంచుకుంటూ పోవడం) ఎక్కడ పడితే అక్కడ వేస్తున్నావ్" అన్నాడు, ఇంకొకాయన "ఎక్స్‌ప్రెషన్ లేదు, ముందు టీచర్ని వెతుక్కో" అన్నాడు, ఇక అక్కడి నుంచి జనం రెండు పార్టీలైపోయి, కొత్తవాళ్లకి మెత్తగా చెప్పాలా గట్టిగా చెప్పాలా అని జుట్లు పట్టుకుంటున్నారు. బాబూ, చెప్పిన మాటే తప్పైనప్పుడు దాన్ని మెత్తగా చెబితే ఏంటి, గట్టిగా చెబితే ఏంటి?

నేను ఆ క్లిప్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. ఆ మూవ్‌మెంట్ మొదలు గుర్తు తెచ్చుకోండి. కుడి చెయ్యి కింది నుంచి పైకి గబగబా పాకుతుంది, అక్కడ బీథోవెన్ 'పియానో' అని రాశాడు, అంటే సౌండ్ తక్కువగా ఉండాలి. పైకి చేరగానే ధన్ ధన్ అని రెండు కార్డులు (ఒకేసారి కలిపి నొక్కే నోట్లు), స్ఫోర్జాండో, అంటే ఒక్కసారిగా బలంగా. మళ్లీ కిందికొచ్చి మెల్లగా మొదలు. ఇప్పుడు ఫోన్ ఏం చేస్తుందంటే, ఆ కార్డులు పడగానే లోపలున్న ఆటోమేటిక్ గెయిన్ (రికార్డయ్యే సౌండ్‌ని తనంతట తానే పెంచి తగ్గించేది) ఉలిక్కిపడి సౌండ్ తగ్గించేస్తుంది. దాంతో తర్వాత వచ్చే మెల్లటి నోట్లు ఇంకా అణిగిపోతాయి. అప్పుడు దానికి 'అయ్యో, వినబడట్లేదే' అనిపించి నెమ్మదిగా పెంచుతూ పోతుంది. మన చెవికి అదే క్రెసెండో! వాయించినవాడు వెయ్యలేదండీ, ఫోన్ వేసింది. సాక్ష్యం కావాలా? ఆ క్లిప్‌లో నోట్లతో పాటు వెనకాల ఫ్యాన్ హోరు కూడా పెరుగుతోంది. ఆ మనిషి వాయిస్తూ వాయిస్తూ ఫ్యాన్ స్పీడు కూడా పెంచుతున్నాడా?

పెడల్ (నొక్కిన నోటు ఆగకుండా మోగేందుకు కాలితో తొక్కేది) సంగతీ అంతే. ఫోన్ మైకు వెనకున్న ప్రాసెసింగ్ ముఖ్యంగా మనిషి మాట కోసం చేసింది. చాలా ఫోన్లలో, ఆగకుండా మోగే శబ్దం వస్తే దాన్ని హోరు అనుకుని కోసేస్తుంది. పెడల్ మీద నిలబడ్డ బేస్ నోటు అలా మధ్యలోనే మాయమైపోతే "పెడల్ తొందరగా వదిలేస్తున్నావ్" అంటారు.

ఇదేం కొత్త గోల కూడా కాదు. పేరున్న పియానిస్టు బుసోని అంతటివాడు 1919లో రికార్డింగుకి వెళ్లొచ్చి భార్యకి ఉత్తరం రాస్తూ లబోదిబోమన్నాడు. పది నిమిషాల ముక్కని నాలుగు నిమిషాలకి కుదించమన్నారు, ఫలానా నోట్లు మిషన్‌కి నచ్చేలా గట్టిగానో మెల్లగానో కొట్టాలి, పెడల్ చూసుకుని వాడాలి! అప్పట్లో రికార్డింగుకి మైకులు వాడేవాళ్లు కాదు, అందరూ పెద్ద బాకాలోకే వాయించేవాళ్లు, ఎలక్ట్రిక్ రికార్డింగ్ వచ్చింది 1925లో. బుసోనికే అంత తిప్పలైతే, స్టాండ్ మీద ఫోన్ ఆనించి వాయించేవాళ్ల గతేంటి?

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వాదన" అంటారు, తెలుసు. మద్దెల నిజంగానే ఓటిదైన సందర్భాలు ఉండవా ఏంటి!

అలాగని ఫోన్ అన్నీ దాచేస్తుందని అనట్లేదు. లయని దాచలేదు. షోపాన్ రాసిన పియానో ముక్క ఫాంటసీ ఇంప్రోంప్టునే తీసుకోండి (ఆయన బతికుండగా దాన్ని అచ్చు వేయించలేదు, పోయాక 1855లో స్నేహితుడు ఫాంటానా వేయించాడు, ఇప్పుడేమో ప్రతి రెండో మనిషీ అదే రికార్డు చేసి పెడతాడు). కుడి చేతి నాలుగు నోట్ల మీద ఎడమ చేతి మూడు నోట్లు సరిగ్గా కూర్చున్నాయా లేదా అనేది ఎంత చెత్త ఫోన్‌లోనైనా తెలిసిపోతుంది. కష్టమైన చోట వేగం తగ్గించి, తేలికైన చోట పరిగెత్తడం కూడా. తిట్టాలనుంటే వాటి మీద తిట్టండి, ఏ బార్‌లోనో (స్కోరులో గీతల మధ్య ఉండే ఒక్కో గడి) చెప్పి మరీ తిట్టండి.

కానీ చెప్పరు! నా థియరీ ఏంటంటే, బార్ నంబర్ చెప్పాలంటే స్కోరు, అంటే నోట్లు రాసిన కాగితం, తెరవాలి, రెండుసార్లు వినాలి. "ఎక్స్‌ప్రెషన్ లేదు" అనడానికి వినక్కర్లేదు కూడా. అందుకే అంతమంది అదే అంటారు.

పోస్టు చేసేవాళ్లు మాత్రం ఫోన్‌ని పియానో మీంచి తీసి రెండు మూడు మీటర్ల దూరం పెట్టండి. గెయిన్‌ని మన చేత్తో సెట్ చేసి లాక్ చేసుకునే యాప్ వాడండి, ముక్కలో అన్నిటికంటే పెద్ద సౌండ్ వచ్చే చోటు ముందు వాయించి లెవెల్ చూసుకోండి. డిజిటల్ పియానో అయితే మైకు గొడవే వద్దు, కేబుల్ పెట్టండి. దేంతో రికార్డు చేశారో కూడా రాయండి.

ఇక నన్ను తిడదామని రెడీగా ఉన్నవాళ్లకి ఒక పని. మీ ఫోన్‌లో మామూలు వీడియో ఆన్ చేసి, ఒకే కార్డుని ముందు బలంగా, వెంటనే వీలైనంత మెల్లగా వాయించండి, తర్వాత వినండి. ఆ తేడా మీకు గదిలో వినిపించినంతే వీడియోలోనూ వినిపిస్తే, క్లిప్ పట్టుకుని రండి, కొట్లాడుకుందాం.