గ్లాస్ టాప్ స్టవ్‌కి ఏ గిన్నెలు? సూట్‌కేస్ సర్దే ముందు చూడండి

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఆగస్టు సెమిస్టర్‌కి డాలస్ వస్తున్న మా పిన్ని కూతురు నిన్న ఫోన్ చేసింది. "అక్కా, 23 కిలోల సూట్‌కేసులు రెండే కదా, అమ్మేమో మూకుళ్ళు, సిల్వర్ గిన్నెలు అన్నీ కుక్కేస్తోంది, ఏవి ఉంచను?" అని. కుక్కర్, ఇడ్లీ ప్లేట్లు ఉంచి, మూకుళ్ళు తీసెయ్యమన్నాను. ఎందుకో చూపిస్తా రండి.

ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో గ్యాస్ ఉండదు. ఇదిగో, ఇలా నల్లటి గాజు పలక, దాని మీద గుండ్రటి గీతలు. ఆన్ చేశాను. కింద కాయిల్ ఎర్రబడింది... ఆరిపోయింది... మళ్ళీ వెలిగింది. చెడిపోలేదండీ, వేడి హద్దు దాటకుండా అదే ఆగుతూ వెలుగుతూ ఉంటుంది. ఇది మామూలు గాజు కాదు, గ్లాస్ సిరామిక్. 1953లో కార్నింగ్ కంపెనీలో డొనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్త 600 డిగ్రీలు పెట్టిన ఫర్నేస్ పొరపాటున 900 దాకా పోయిందట. లోపలి గాజు ముక్క తీస్తుంటే జారి కింద పడినా పగల్లేదట! అలా మొదలైంది దీని కథ. వేడికి పగలదు కానీ, బరువైన కుక్కర్ చెయ్యిజారి పడితే మాత్రం పగులుతుంది.

గ్యాస్ మంటైతే గిన్నె ఏ ఆకారంలో ఉన్నా చుట్టూ ఎగబాకుతుంది. ఇక్కడ అడుగు గాజుకి ఎంత ఆనితే అంత వేడి. మన మూకుడు రూపాయి బిళ్ళంత చోటే ఆనుతుంది. నూనె సరిగ్గా కాగదు, వంకాయ వేపుడు కాస్తా మగ్గిన కూరైపోతుంది. మూకుడు కదలకుండా కింద రింగ్ పెట్టడం కూడా వద్దు, ఆ వేడంతా గాజు మీదే నిలిచిపోతుంది.

అందుకే షాపులో బ్రాండ్ సంగతి తర్వాత, ముందు గిన్నె బోర్లించండి. అడుగు మీద స్కేలు అడ్డంగా పెట్టండి. మధ్యలో వెంట్రుకవాసి లోపలికి ఉంటే ఫర్వాలేదు, వేడెక్కాక సర్దుకుంటుంది. బయటికి ఉబ్బి ఉంటే గాజు మీద బొంగరంలా తిరుగుతుంది, అది కొనకండి. సిల్వర్ గిన్నెలు, అంటే అల్యూమినియంవి, తొందరగానే కాగుతాయి కానీ గాజు మీద బూడిదరంగు మరకలు వదులుతాయి, పల్చటివైతే అడుగు వంకర పోతుంది. నా ఓటు ట్రైప్లై స్టీలుకే: రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం కాబట్టి వేడి సమంగా పాకుతుంది. కుక్కర్ కూడా ఇండక్షన్ బేస్, అంటే చదునైన మందపాటి అడుగు, ఉన్న స్టీలుదైతే బెస్ట్. అన్నట్టు, ఇండక్షన్ స్టవ్ కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. అడుగుకి అయస్కాంతం అంటుకోవాలన్న రూల్ దానికే, దీనికి కాదు.

పోపుతో కాస్త జాగ్రత్త. స్టవ్ ఆపినా కాయిల్ వేడి పోదు, ఆవాలు చిటపటలాడగానే గిన్నె పక్కకి తీసెయ్యాలి. పాలు పొంగుతున్నా అంతే.

దోసెలకి ఇనప పెనం ఇక్కడే కొనండి, సూట్‌కేసులో అంత బరువు దండగ. నాది లాడ్జ్ కంపెనీది, పదిన్నర అంగుళాలు. పెద్ద బర్నర్ మీదే పెట్టాలి, చిన్నదాని మీద దోసె అంచులు తెల్లగానే ఉండిపోతాయి. మీడియంలో నిదానంగా కాగనివ్వండి. పక్కకి జరపాలంటే ఎత్తి పెట్టండి, ఈడిస్తే గీతలే. పుల్కాల జాలీ కూడా గాజు మీద పెట్టకండి, పెనం మీదే గుడ్డతో నొక్కితే చక్కగా పొంగుతాయి.

అన్నిటికంటే నాకు టెన్షన్ బెల్లం పాకంతోనే. ఒలికితే చల్లారాక తుడుద్దామనుకోకండి. చల్లారిందంటే గాజుకి అతుక్కుని, గీకేటప్పుడు పెచ్చు లేపుకొస్తుంది. ఆ గాజు డబ్బులు డిపాజిట్‌లోంచి కోసేస్తారు. స్టవ్ ఆపేసి, చేతికి మిట్ వేసుకుని, వేడి మీదే బ్లేడ్ స్క్రేపర్‌ని వాలుగా పట్టి గీకెయ్యాలి. అందుకే నేను పాకం ఎప్పుడూ ఈ ఎత్తు గిన్నెలోనే, సగానికి మించకుండా పడతాను.