ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వన్ రివ్యూ: స్పీడ్ పెరగలేదు, ఇంట్లో గొడవ తగ్గింది

హాయ్ అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వన్ రౌటర్ నేను కొనలేదు, ఒక షాపు వాళ్లు ఫ్రీగా పంపారు. వీడియోకి డబ్బులేమీ ఇవ్వలేదు గానీ కింద లింక్ నొక్కి కొంటే నాకు కాస్త కమిషన్ వస్తుంది, అది తెలిసే వినండి. స్పెక్స్ ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు కాబట్టి గబగబా చెప్పేస్తా: మీడియాటెక్ చిప్, 1 జీబీ ర్యామ్, వైఫై 6, ఒక 2.5 గిగాబిట్ పోర్టు, ఒక 1 గిగాబిట్ పోర్టు, 2024 చివర్లో వచ్చింది, అప్పటి ధర 89 డాలర్లు, అమ్మిన ప్రతి డబ్బాకి 10 డాలర్లు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ప్రాజెక్టుకే, అంటే ఇందులో నడిచే ఓపెన్ సోర్స్ రౌటర్ సాఫ్ట్‌వేర్ తయారు చేసేవాళ్లకే వెళ్తాయి. అయిపోయింది. ఇవాళ నేను మాట్లాడేది ఇందులో ఒకే ఒక్క విషయం గురించి, ట్రాఫిక్ కంట్రోల్, అంటే ఉన్న నెట్ లైన్‌ని ఇంట్లో అందరికీ ఎలా పంచాలి అన్నది.

దీనికి ముందు మా ఇంట్లో యాంటెనాలు నాలుగు వైపులా పొడుచుకొచ్చిన ఒక గేమింగ్ రౌటర్ ఉండేది, కంపెనీ పేరు ఎందుకులెండి. అందులో క్యూఓఎస్ అని, ఎవరి ట్రాఫిక్ ముందు వెళ్లాలో చెప్పే ఒక పేజీ, అందులో హై, మీడియం, లో అని మూడు డబ్బాలు, ఏ పరికరం ఏ డబ్బాలో ఉండాలో మనమే లాగి పడెయ్యాలి. మా మరిది మొదటి రోజే తన పీసీని హైలో పెట్టుకున్నాడు. అది చూసి మా ఆయన ఆఫీసు లాప్‌టాప్‌ని హైలో పెట్టారు. అత్తయ్యగారి టాబ్‌ని నేను హైలోకి లాగాను. అందరూ హైలో ఉన్నాక ఇంక ప్రయారిటీ ఏముంది చెప్పండి! పొద్దున్నే అత్తయ్యగారు డాలస్‌లో ఉన్న మా ఆడపడుచుతో వీడియోలో మాట్లాడుతుంటారు, సరిగ్గా అప్పుడే మా ఆయన లాప్‌టాప్ బ్యాకప్ అప్‌లోడ్ మొదలవుతుంది, అంతే, బొమ్మ ఆగిపోతుంది, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. స్పీడ్ టెస్ట్ పెడితే మాత్రం 100 ఎంబీపీఎస్ నిక్షేపంగా వస్తుంది. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే "మేడమ్, మా వైపు అంతా ఓకే" అంటాడు. అతను అబద్ధమేం చెప్పట్లేదు కూడా.

అసలు సంగతేంటంటే లైన్ నిండిపోయినప్పుడు పంపాల్సిన ప్యాకెట్లన్నీ, అంటే డేటా ముక్కలన్నీ, ఓఎన్‌టీ (ఫైబర్ వైరు వచ్చి చేరే కంపెనీ మోడెం) బఫర్‌లో, అంటే వంతు కోసం ఆగే చోట, పోగుపడతాయి, ఆ బఫర్ పెద్దది, బ్యాకప్ ప్యాకెట్లు దాన్ని నింపేస్తే వీడియో కాల్ ప్యాకెట్ వెళ్లి అన్నిటికంటే వెనక నిలబడాలి. మామూలప్పుడు ఒక అంకెలో ఉండే పింగ్, అంటే ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, అప్‌లోడ్ మొదలవగానే మూడంకెల్లోకి పోతుంది. జిమ్ గెట్టీస్ అనే ప్రోగ్రామర్ 2010లో తన ఇంటి నెట్‌లో ఇదే చూసి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికొల్స్, వ్యాన్ జేకబ్సన్ కోడెల్ అనే పద్ధతి తెచ్చారు, ప్యాకెట్ వరుసలో ఎంతసేపు నిలబడిందో చూసి, ఎక్కువసేపైతే కొన్నిటిని వదిలేసి, పంపేవాడికి నెమ్మదించమని చెప్పడం అన్నమాట. ఆ దారిలోనే వచ్చిన కేక్ అనే వరుస నడిపే ప్రోగ్రామ్ 2018లో లినక్స్ 4.19లో చేరింది. దీని వెనక ఏళ్ల తరబడి పోరాడిన డేవ్ టాట్ 2025 ఏప్రిల్‌లో పోయారు. మన ఇళ్లలో వీడియో కాల్ తెగకపోవడం వెనక ఆయన చాకిరీ చాలా ఉంది, ఆ పేరు ఒక్కసారైనా చెప్పకపోతే నాకు మనసొప్పదు.

సరే, సెట్టింగ్‌కి వద్దాం. సాఫ్ట్‌వేర్ పేజీలో లూసీ యాప్ ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే నెట్‌వర్క్ మెనూలో ఎస్‌క్యూఎం క్యూఓఎస్ వస్తుంది, కేక్‌ని నడిపేది ఇక్కడి నుంచే. మన లోకల్ ఫైబర్లు చాలా వరకు పీపీపీఓఈ, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి లాగిన్ అయ్యే రకం కాబట్టి ఇంటర్‌ఫేస్ దగ్గర పీపీపీఓఈ వ్యాన్ ఎంచుకోండి. కానీ దానికంటే ముందు ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించుకోండి, అంటే అది తను లాగిన్ అవకుండా లైన్‌ని నేరుగా మన రౌటర్‌కి వదిలెయ్యాలి, లేకపోతే అసలు పీపీపీఓఈ కనెక్షన్ ఈ డబ్బా చేతికే రాదు. తర్వాత డౌన్‌లోడ్, అప్‌లోడ్ అంకెలు. నిజంగా వచ్చే స్పీడ్‌లో 90 శాతంతో మొదలుపెట్టండి. 10 శాతం ఎందుకు వదులుకోవాలంటారా, వరుస ఓఎన్‌టీలో కాకుండా మన డబ్బాలో కట్టాలంటే మనం లైన్ కంటే కాస్త నెమ్మదిగా ఉండాలి, అప్పుడే ఎవర్ని ముందు పంపాలో మన చేతిలో ఉంటుంది. అంకె కిలోబిట్లలో వెయ్యాలి, 90 ఎంబీపీఎస్ అంటే 90000. ఉత్త 90 అని కొట్టి సేవ్ చేశారంటే ఇల్లంతా ఒక్కసారిగా మీ మీద పడుతుంది. లింక్ లేయర్ దగ్గర ఈథర్‌నెట్, ఓవర్‌హెడ్ (ప్రతి ప్యాకెట్‌కీ అదనంగా తగిలే బైట్లు) 44, కొంచెం ఎక్కువైనా నష్టం లేదు, తక్కువైతేనే తంటా. హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ అనే సెట్టింగ్ ఆపెయ్యండి, అది ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు కేక్ కంట పడకుండానే వెళ్లిపోతాయి.

ఇప్పుడు నాకు పిచ్చ పిచ్చగా నచ్చిన సంగతి, దాంతోపాటే ఒళ్లు మండే సంగతి, రెండూ ఒకే చోట ఉన్నాయి. మామూలుగా కేక్‌కి ఏ కనెక్షన్ ఇంట్లో ఏ పరికరానిదో తెలీదు, అందుకే పంపకం దాదాపు కనెక్షన్ల లెక్కనే జరుగుతుంది. మా మరిది గేమ్ డౌన్‌లోడ్ పెడితే అది ఒకేసారి బోలెడు కనెక్షన్లు తెరుస్తుంది, అత్తయ్యగారి వీడియోది ఒక్కటే, అంటే కనెక్షన్ల లెక్కన పంచినా సింహభాగం వాడికే. దీనికి మందు హోస్ట్ ఫెయిర్‌నెస్. రేషన్ షాపులో ఒకే ఇంటి నుంచి పది మంది వచ్చి నిలబడినా డీలర్ చూసేది కార్డునే కదా, అలా ముందు పరికరానికి ఒక వాటా, ఆ వాటాలోంచే దాని కనెక్షన్లన్నీ పంచుకోవాలి. డౌన్‌లోడ్ వైపు నాట్ డ్యూయల్ డీఎస్‌టీ హోస్ట్, అప్‌లోడ్ వైపు నాట్ డ్యూయల్ ఎస్‌ఆర్‌సీ హోస్ట్, అంతే, స్పెల్లింగ్ స్క్రీన్ మీద వేస్తున్నా. నాట్ అన్న మాట మర్చిపోవద్దు, అది లేకపోతే ఇంట్లో అందరూ బయటికి ఒకే ఐపీతో కనిపిస్తారు కాబట్టి కేక్ దృష్టిలో అందరూ ఒక్కరే.

మరి ఇంత మంచి ఫీచర్ ఎక్కడుందో చూడండి. క్యూ డిసిప్లిన్ ట్యాబ్‌లోకి వెళ్లాలి, అడ్వాన్స్‌డ్ అని ఒక టిక్ పెట్టాలి, అప్పుడు కింద ఇంకో టిక్ బాక్స్ బయటపడుతుంది, దాని పేరేంటో తెలుసా, డేంజరస్ కాన్ఫిగరేషన్! ఏం డేంజరండీ ఇందులో? ఇంట్లో నలుగురికీ సమానంగా పంచడం డేంజరా? అది టిక్ చేస్తే ఆ మాటలు టైప్ చెయ్యాల్సిన ఖాళీ గళ్లు వస్తాయి, తప్పులు మేం చూడం అని పక్కనే రాసి ఉంటుంది, ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా మీ ఖర్మ. మామూలు ఇంట్లో నూటికి తొంభై మందికి కావాల్సింది ఇదే, దీనికి ఒక్క టిక్ పెట్టొచ్చు కదా, "ఇంట్లో అందరికీ సమానం" అని!

పని చేస్తోందో లేదో చూడాలంటే రౌటర్ టెర్మినల్‌లో టీసీ మైనస్ ఎస్ క్యూడిస్క్ అని కొట్టండి. కేక్ అన్న పేరు కనిపించాలి, కింద డిలేలు, డ్రాప్స్ కనిపిస్తాయి. డ్రాప్స్ చూసి టెన్షన్ పడకండి, అవి పడుతున్నాయంటేనే ఇది తన పని చేస్తోందని అర్థం. పెట్టాక మా ఇంట్లో బ్యాకప్, గేమ్ డౌన్‌లోడ్, వీడియో కాల్ మూడూ కలిపి నడిపించా, పింగ్ కాస్త కదిలి ఆగింది, అంతే. మరిది డౌన్‌లోడ్ కొంచెం లేటవుతోంది, "వదినా, నా స్పీడ్ కట్ చేశావా" అంటాడు. నేనేం చెయ్యలేదు నాయనా, పక్కవాళ్ల వాటా పక్కవాళ్లకి వెళ్తోంది.

ఇక మెయింటెనెన్స్. ఇది పెట్టి మర్చిపోయే వస్తువు కాదు, ఎవరు ఏం చెప్పినా నమ్మకండి. మామూలు పద్ధతిలో ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ చేస్తే సెట్టింగ్స్ ఉంటాయి గానీ మనం విడిగా వేసుకున్న ప్యాకేజీలు పోతాయి. వైజాగ్‌లో మా తమ్ముడి ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది, నెట్ వస్తూనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, ఎస్‌క్యూఎం మెనూయే మాయమైందని ఎప్పటికో చూశారు. అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ వాడండి, మీ ప్యాకేజీలతో కలిపే ఇమేజ్ తయారు చేసిస్తుంది, అయినా అప్‌గ్రేడ్ అవగానే ఆ టీసీ కమాండ్ ఒకసారి కొట్టి చూసుకోండి. ప్లాన్ 100 నుంచి 200కి మార్చుకున్నారా, ఈ అంకెలు కూడా మార్చాలి, లేకపోతే డబ్బు కడతారు, స్పీడ్ మాత్రం 90 దగ్గరే ఆగుతుంది. రాత్రి ఎనిమిది దాటాక మీ ఏరియాలో లైనే పడిపోతుంటే, పొద్దున కొలిచిన అంకె పనికిరాదు, వరుస మళ్లీ మన చెయ్యి దాటి బయట కడుతుంది, కాబట్టి రాత్రి వచ్చే స్పీడ్‌నే లెక్కలోకి తీసుకోండి. 5జీ రౌటర్ వెనక పెట్టేవాళ్లకైతే స్థిరమైన అంకెతో లాభం లేదు, కేక్ ఆటోరేట్ అనే స్క్రిప్ట్ ఉంది, అది వేరే వీడియో.

డబ్బాతో నా పేచీలు రెండు. నెట్ వైరు ఒకదానికి పోతే ఇంట్లోకి మిగిలేది ఒక్క ల్యాన్ పోర్టు, టీవీ, పీసీ రెండూ వైరుతో పెట్టాలంటే స్విచ్ విడిగా కొనాలి. రెండోది, కరెంటు యూఎస్‌బీ సీ మీద 12 వోల్ట్ పీడీ (పవర్ డెలివరీ), మన ఇళ్లలో ఉండే మినీ యూపీఎస్ గుండ్రటి పిన్ను ఇందులో దూరదు, ఫోన్ చార్జర్లలో కూడా అన్నీ 12 వోల్టులు ఇవ్వవు, చూసి కొనండి. కానీ వెనక నాండ్, నార్ అని రెండు మెమరీ చిప్పుల మధ్య మార్చే చిన్న స్విచ్ ఉంది చూశారా, ఫర్మ్‌వేర్ ఎంత పాడు చేసుకున్నా దాన్ని నార్ వైపు తిప్పి మళ్లీ బతికించుకోవచ్చు. ప్రయోగాలు చేసేవాళ్లకి ఆ ఒక్క స్విచ్ చాలు.

కొనొచ్చా అంటే, ఇంట్లో ఒక్కరికైనా ఇలాంటి వాటి మీద ఓపిక ఉంటే కళ్లు మూసుకుని కొనండి, ఫ్రీగా రాకపోయినా నేను కొనేదాన్నే. ఆ ఒక్కరు లేకపోతే వద్దు. పూర్తి గిగాబిట్ ప్లాన్ ఉండి స్పీడ్ టెస్టులో ఆ అంకె కనిపించకపోతే నిద్ర పట్టనివాళ్లకి కూడా వద్దు, కేక్ ప్రాసెసర్‌ని బాగానే తింటుంది. కామెంట్లో అడిగేవాళ్లు మీ ఓఎన్‌టీ మోడల్, పీపీపీఓఈ అవునా కాదా, రాత్రి ఎంత స్పీడ్ వస్తోంది, ఈ మూడూ రాయండి. ఉత్తగా "అక్కా నెట్ స్లో" అని పెడితే, నేను కూడా ఆ కేబుల్ అబ్బాయి చెప్పిందే చెప్పాలి.