చదువు ఏ నెలలో ముగిసింది? ఆస్ట్రేలియా తూర్పు తీర యాత్రకు అదే మొదటి ప్రశ్న

నమస్కారం. ఆస్ట్రేలియాలో చదువు పూర్తి చేసుకున్న మన తెలుగు విద్యార్థులు ఏటా నవంబరు వచ్చేసరికి నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "పరీక్షలు అయిపోయాయి, ఇక్కడ డిసెంబరు అంటే వేసవి కదా, బ్యాగు భుజాన వేసుకుని సిడ్నీ నుంచి ఉత్తరాన ఉన్న కెయిర్న్స్ దాకా బీచ్‌లన్నీ చూసుకుంటూ వెళ్దామనుకుంటున్నాం, పది రోజులు సరిపోతాయా?" పది రోజులు సరిపోతాయనుకోవడం చిన్న పొరపాటే, సెలవు పెంచుకుంటే సర్దుకుంటుంది. డిసెంబరు వేసవి కాబట్టి తీరం పొడవునా సముద్ర స్నానాలకు అదే మంచి కాలమని అనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. రెండేళ్లు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చేసి కూడబెట్టిన డబ్బుతో అంత దూరం వెళ్లి, సముద్రంలో కాలైనా పెట్టకుండా వెనక్కి వచ్చే పిల్లలను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఈ వీడియో అందుకోసమే. హాస్టల్ బుక్ చేసుకోవడం, బ్యాగు సర్దుకోవడం లాంటివి మీకు వేరే చెప్పనక్కరలేదు కనుక నేరుగా విషయంలోకి వెళ్తాను.

[తెరపై ప్రపంచ పటం. భూమధ్యరేఖ దగ్గర పటం మడతపడుతుంది.]

ఈ పటాన్ని భూమధ్యరేఖ దగ్గర కాగితంలా మడిచి, ఆస్ట్రేలియా అక్షాంశాలను మన దేశపు అక్షాంశాల మీదికి తెచ్చి చూడండి. సిడ్నీ దాదాపు 34 డిగ్రీల దగ్గర, అంటే భూమధ్యరేఖకు శ్రీనగర్ ఉన్నంత దూరంలో ఉంటుంది. బ్రిస్బేన్ ఆగ్రాకు కాస్త పైన పడుతుంది. రాక్‌హాంప్టన్ మకర రేఖ మీద ఉంది కాబట్టి, కర్కాటక రేఖకు చేరువలో ఉన్న మన భోపాల్ వరుసలోకి వస్తుంది. ఇక కెయిర్న్స్ ఉండేది దాదాపు 17 డిగ్రీల దగ్గర, సరిగ్గా మన రాజమండ్రి ఉన్నంత దూరంలో.

కాబట్టి సిడ్నీ నుంచి కెయిర్న్స్‌కు వెళ్లడమంటే శ్రీనగర్ నుంచి రాజమండ్రికి వెళ్లడమే. తీరం వెంబడి రోడ్డు మీద సిడ్నీ, కెయిర్న్స్ మధ్య దూరం సుమారు 2,600 కిలోమీటర్లు. సముద్రం పక్కన ఉండటం వల్ల సిడ్నీలో శ్రీనగర్‌లా మంచు కురవదు, అయినా అక్షాంశం ప్రభావం ఎక్కడికీ పోదు. శ్రీనగర్‌లోనూ రాజమండ్రిలోనూ ఒకే నెలలో ఒకే వాతావరణం ఉంటుందని మనలో ఎవరూ అనుకోము. కానీ ఆస్ట్రేలియా విషయానికి వచ్చేసరికి, అంతా ఒకే దేశం, ఒకే తీరం అన్న భావనతో ఆ మాట మరిచిపోతాము.

ఇప్పుడు నెలలను కూడా మడవండి. అక్కడి డిసెంబరుకు మన జూన్ సరిపోలుతుంది, అక్కడి ఫిబ్రవరికి మన ఆగస్టు. ఆగస్టులో రాజమండ్రిలో ఏముంటుంది? వర్షాలు, ఉక్కపోత, నిండుగా పారే గోదావరి. కెయిర్న్స్‌లో జనవరి నుంచి మార్చి వరకు అదే పరిస్థితి. వర్షాకాలానికి తోడు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ తుఫానుల కాలం కూడా. అదే కెయిర్న్స్‌కు జూలైలో వెళ్లారంటే, సంక్రాంతి రోజుల్లో గోదావరి గట్టున ఉండే హాయి అక్కడ ఉంటుంది: పగలు 26 డిగ్రీల దాకా ఎండ, రాత్రి చిరుచలి, పొడిగాలి. సరిగ్గా అదే జూలైలో సిడ్నీలో మధ్యాహ్నం వేళ కూడా 17 డిగ్రీలు దాటడం కష్టం.

ఇంతకూ నాకు ఎప్పటికీ ఆశ్చర్యం తీరని విషయం మరొకటి ఉంది. ఈ తీరం వాతావరణంలోనే కాదు, స్వభావంలో కూడా రెండు ముక్కలు. ఆ రెంటికీ మధ్య సరిహద్దు రాయిలా ఒక ఇసుక ద్వీపం నిలబడి ఉంది.

[తెరపై గరి ద్వీపం, పైనుంచి తీసిన దృశ్యం.]

దాని పేరు గరి. ఇన్నాళ్లూ ఫ్రేజర్ ద్వీపం అని పిలిచేవారు. అక్కడి ఆదివాసులైన బుచుల్లా ప్రజలు తరతరాలుగా వాడుతున్న పేరునే 2023లో అధికారికంగా పునరుద్ధరించారు, అది ఎంతో న్యాయమైన పని. సుమారు 120 కిలోమీటర్ల పొడవున్న ఈ ద్వీపం ప్రపంచంలోనే అతి పెద్ద ఇసుక ద్వీపం. ఆ ఇసుకలో అధిక భాగం అక్కడ పుట్టింది కాదు. దక్షిణాన, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు నదులు సముద్రంలోకి తెచ్చి పోసిన ఇసుకను, ఆగ్నేయ దిశ నుంచి ఒడ్డును ఏటవాలుగా తాకే అలలు లక్షల ఏళ్లుగా కొంచెం కొంచెంగా ఉత్తరానికి తోసుకుంటూ వచ్చాయి. సిడ్నీ నుంచి బయలుదేరిన విద్యార్థి ఏ దారిన వెళ్తాడో, ఆ ఇసుక కూడా అదే దారిన వచ్చిందన్నమాట. గరి ద్వీపం ఉత్తరపు కొసన సముద్రం ఒక్కసారిగా లోతవుతుంది. అంతవరకు వచ్చిన ఇసుక అక్కడ అగాధంలోకి జారిపోతుంది.

ఇసుక అక్కడ ఆగిపోవడం వల్లనే దానికి ఉత్తరాన నీరు తేటపడి పగడాలు పెరగడానికి వీలు కలిగిందని కొందరు శాస్త్రవేత్తల అభిప్రాయం. గ్రేట్ బారియర్ రీఫ్ ఆ పైనే మొదలై 2,300 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. పెద్ద అలలు ఆ పగడపు దిబ్బల మీదే విరిగిపోతాయి కనుక తీరం దగ్గర సముద్రం చెరువులా ఉంటుంది. సర్ఫింగ్‌కు గరికి ఉత్తరాన ఉన్న ఆగ్నెస్ వాటర్ అనే ఊరు దాదాపు ఆఖరి మజిలీ కావడానికి కారణం అదే. దక్షిణ ముక్కలో అలలుంటాయి, పగడాలుండవు. ఉత్తర ముక్కలో పగడాలుంటాయి, అలలుండవు. ప్రమాదాలు కూడా ఆ లెక్కనే వేరవుతాయి.

దక్షిణాన భయపడవలసింది రిప్ ప్రవాహానికి. ఒడ్డుకు కొట్టిన నీరు తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. అటూ ఇటూ తెల్లటి నురగతో అలలు విరుగుతుంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత రానివారు అలలు లేవు కదా అని సరిగ్గా అందులోకే దిగుతారు. దయచేసి ఎరుపు, పసుపు జెండాల మధ్యనే స్నానం చేయండి. పొరపాటున ప్రవాహం లాగితే దానికి ఎదురీదకుండా, నీటి మీద తేలుతూ చెయ్యి పైకెత్తి సాయం కోరండి.

ఉత్తరాన, నవంబరు నుంచి మే వరకు, భయపడవలసింది జెల్లీఫిష్‌లకు. బాక్స్ జెల్లీఫిష్ తంతువులు మూడు మీటర్ల దాకా సాగుతాయి. ఇరుకాంజీ అనే రకం చిటికెన వేలి గోరంత ఉంటుంది కాబట్టి బీచ్‌లో కట్టే రక్షణ వలలోంచి కూడా దూరిపోగలదు. టౌన్స్‌విల్ లోనో కెయిర్న్స్ శివార్ల లోనో ఒడ్డున నడుస్తుంటే, ఒక స్తంభానికి బిగించిన పెట్టెలో వెనిగర్ సీసా కనిపిస్తుంది. మన వంటింట్లో పచ్చళ్లకు వాడే వెనిగర్ లాంటిదే. చర్మానికి అంటుకున్న తంతువుల్లో ఇంకా పేలని విషకణాలను అది పనిచేయకుండా ఆపుతుంది. మంచినీళ్లు పోస్తే అవి కూడా పేలి విషం ఎక్కుతుంది. ముందు అత్యవసర నంబరు 000కు ఫోన్ చేసి, కనీసం అర నిమిషం వెనిగర్ పోయాలి. సిడ్నీ వైపు కనిపించే బ్లూబాటిల్ అనే సముద్రజీవి కుడితే మాత్రం వెనిగర్ వద్దు, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు పోయాలి. మందు సైతం రెండు ముక్కల్లో రెండు రకాలు.

డిసెంబరులో ఉత్తరాన అసలు నీళ్లలోకి దిగలేరా అంటే దిగవచ్చు. చేతులూ కాళ్లూ తలా కప్పే పలుచని స్టింగర్ సూట్ వేసుకుని, వలలు కట్టిన చోటనో, రీఫ్‌కు వెళ్లే పడవల వారు చూపిన చోటనో దిగవచ్చు. కెయిర్న్స్ నగరం ఒడ్డున ఉన్నది బురద నేల, మొసళ్లు తిరిగే చోటు. అందుకే నగరపాలకులు అక్కడ ఉచితంగా ఈదుకునే లగూన్ అనే కొలను కట్టించారు. అయితే వానలో, సూట్‌లో, లగూన్‌లో గడిపే సెలవు కోసమేనా మీరు ఇన్నేళ్లు ఎదురుచూసింది?

కాబట్టి నా సలహా ఇది. నవంబరులో చదువు ముగిసినవారు దక్షిణ ముక్క చూడండి. సిడ్నీ నుంచి బయలుదేరి, కాఫ్స్ హార్బర్ దాటాక వూల్‌గూల్గాలో అరటి తోటలు వేసుకుని స్థిరపడిన సిక్కు కుటుంబాల గురుద్వారా చూసి, ప్రధాన భూభాగానికి తూర్పు కొస అయిన బైరన్ బే మీదుగా గోల్డ్ కోస్ట్, బ్రిస్బేన్, నూసా చేరుకోండి. అక్కడి నుంచి రెయిన్‌బో బీచ్, గరి ద్వీపం. గరిలో సముద్ర స్నానం వద్దు, అక్కడి మెకెంజీ సరస్సులో దిగండి. వాన నీటితో మాత్రమే నిండే ఆ సరస్సు ఒడ్డున ఇసుక పిండిలా మెత్తగా, తెల్లగా ఉంటుంది. డింగో కుక్కలు తిరుగుతుంటాయి, ఆహారం బయట పెట్టకండి, వాటిని చూసి పరుగెత్తకండి. ఆ తర్వాత బండబర్గ్‌లో ఆగండి. నవంబరు నుంచి జనవరి వరకు దగ్గరలోని మోన్ రెపో బీచ్‌కు సముద్రపు తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. పగడాలు చూడాలన్న కోరిక కూడా అక్కడే తీరుతుంది, ఎందుకంటే రీఫ్ దక్షిణపు కొసన ఉన్న లేడీ ఎలియట్ ద్వీపం బండబర్గ్‌కు దగ్గరే. అక్కడితో ఆపి, ఉత్తరాన్ని మరో ఏడాదికి అట్టిపెట్టుకోండి.

జూన్‌లో చదువు ముగిసినవారు దీన్ని తిరగేయండి. నేరుగా కెయిర్న్స్‌కు విమానంలో వెళ్లి, ఎండతో పాటు కిందికి దిగుతూ రండి. జూలైలో కెయిర్న్స్, డెయిన్‌ట్రీ అడవి, టౌన్స్‌విల్ ఎదుట కోలాలు ఉండే మాగ్నెటిక్ ద్వీపం, ఎయిర్లీ బీచ్ నుంచి విట్‌సండే ద్వీపాలు. అక్కడి వైట్‌హేవెన్ బీచ్‌లో ఇసుక దాదాపు అంతా స్వచ్ఛమైన సిలికా, నడుస్తుంటే కాళ్ల కింద కిచకిచమంటుంది. ఆగస్టుకు హార్వే బే చేరితే హంప్‌బ్యాక్ తిమింగలాలు కనిపిస్తాయి. సెప్టెంబరులో బైరన్ బే దగ్గరికి వచ్చేసరికి అక్కడ చలి తగ్గుముఖం పట్టి ఉంటుంది. ఎటు వెళ్లినా ఒక్కొక్క ముక్కకు కనీసం రెండు వారాలు పెట్టుకోండి. ఎయిర్లీ నుంచి హార్వే బేకు మధ్య దూరమే 800 కిలోమీటర్ల పైన.

సమయం అయిపోతోంది, మిగిలినవి త్వరగా చెప్తాను. బ్రిస్బేన్, కెయిర్న్స్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ప్రభుత్వ రవాణాలో ఒక్కో ప్రయాణానికి 50 సెంట్లే, కాబట్టి బ్రిస్బేన్ నుంచి గోల్డ్ కోస్ట్‌కు గానీ, రైలూ బస్సూ మారి నూసాకు గానీ టూరు బస్సు ఎక్కవద్దు. దూరాలకు గ్రేహౌండ్ బస్సుల్లో రోజుల లెక్కన పాస్ దొరుకుతుంది; బ్రిస్బేన్, కెయిర్న్స్ మధ్య రైలు కూడా ఉంది, సుమారు ఒక రోజు పడుతుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు న్యూ సౌత్ వేల్స్ గడియారం క్వీన్స్‌లాండ్ కంటే గంట ముందుంటుంది, సరిహద్దు దాటే బస్సుల వేళలు చూసుకోండి. బండబర్గ్‌కు ఉత్తరాన ఉన్న గ్లాడ్‌స్టోన్ నుంచి పైకి ఏ నదిలోనూ, ఏ ముఖద్వారంలోనూ దిగకండి, మొసళ్లుంటాయి.

చివరగా వీసా. బుకింగ్‌కు ముందు మీ వీసా మంజూరు పత్రంలో ఉన్న గడువు తేదీ, ఆరోగ్య బీమా ముగిసే తేదీ రెండూ చూసుకోండి. గ్రాడ్యుయేట్ వీసాకు దరఖాస్తు పెట్టి, నిర్ణయం వచ్చేదాకా ఉండనిచ్చే బ్రిడ్జింగ్ వీసా ఏ మీద ఉన్నవారు దేశం లోపల ఎక్కడికైనా తిరగవచ్చు. కానీ టికెట్ చవకగా ఉందని కెయిర్న్స్ నుంచి ఇండోనేషియాలోని బాలికి వెళ్తే, బయటికి వెళ్లి రానిచ్చే బ్రిడ్జింగ్ వీసా బీ ముందుగా తీసుకోనిదే తిరిగి రానివ్వరు.