పైథానా, ఆరా? బయోఇన్ఫర్మాటిక్స్‌లో ముందు ఏది పట్టుకోవాలి

నమస్తే అండి. అమీర్‌పేట్‌లో ఏ కోచింగ్ సెంటర్ బోర్డు చూసినా పైథాన్ అనే ఉంటుంది. అది నేర్చుకుని హబ్సిగూడ వైపో గచ్చిబౌలి వైపో ఏదో ఒక ల్యాబ్‌లో బయోఇన్ఫర్మాటిక్స్ (డీఎన్ఏ లాంటి జీవ డేటాని కంప్యూటర్‌తో విశ్లేషించే పని) ప్రాజెక్టుకి చేరాక, అక్కడ సీనియర్ ఆర్ (R) అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో పని చేస్తుంటే చూసి టెన్షన్ పడి, "అన్నా, మళ్లీ మొదటినుంచీనా?" అని నాకు మెసేజ్ పెడతారు.

అక్కర్లేదు. అసలు ఈ రెండింటికంటే ముందు రావాల్సింది లినక్స్ కమాండ్ లైన్, అంటే కమాండ్లు టైప్ చేసి పని చేయించుకోవడం. విండోస్ ల్యాప్‌టాప్ అయితే విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ (WSL) ఇన్‌స్టాల్ చేసుకోండి, చాలు.

ఎందుకంటారా? డీఎన్ఏ చదివే మెషిన్ సీక్వెన్సర్, దాని నుంచి వచ్చేది ఫాస్ట్‌క్యూ (FASTQ) ఫైల్. ఒక్కో రీడ్‌కి (అంటే మెషిన్ చదివిన ఒక్కో ముక్కకి) 4 లైన్లు: పేరు, బేస్‌లు (A, C, G, T అక్షరాలు), ఒక ప్లస్ గుర్తు, క్వాలిటీ (ఒక్కో అక్షరాన్ని ఎంత నమ్మొచ్చో). 2 కోట్ల రీడ్లంటే 8 కోట్ల లైన్లు, ఎక్సెల్ షీట్‌లో పట్టేవి 10,48,576 వరుసలే. ఇప్పుడు స్క్రీన్ చూడండి, జెడ్‌క్యాట్ (zcat) కమాండ్‌తో ఫైల్ తెరిచి, పైప్ (|) పెట్టి, లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ మైనస్ ఎల్ (wc -l) కొట్టి, వచ్చిన అంకెని 4తో భాగిస్తున్నాను. ఇవే రీడ్లు. కొందరు పేరు లైన్ 'యాట్' (@) గుర్తుతో మొదలవుతుంది కదా అని, వెతికే కమాండ్ గ్రెప్‌తో దాన్నే లెక్కపెడతారు. అలా చేయకండి, క్వాలిటీ లైన్ కూడా అదే గుర్తుతో మొదలవ్వచ్చు, లెక్క తప్పుతుంది.

తర్వాత అలైన్‌మెంట్, అంటే ఒక్కో రీడ్ జీనోమ్‌లో (మొత్తం డీఎన్ఏలో) ఎక్కడిదో పట్టుకోవడం. ఈ పనికి బీడబ్ల్యూఏ, శామ్‌టూల్స్ లాంటి టూల్స్ సీ భాషలో ఎప్పుడో రాసి పెట్టారు, మనం నడపడమే. మనిషి జీనోమ్‌తో స్టార్ (STAR) అనే అలైన్‌మెంట్ టూల్ నడపాలంటే 30 జీబీ దాకా ర్యామ్ కావాలి, కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ మీద హైశాట్2 గానీ శాల్మన్ గానీ వాడండి. అదీ కుదరకపోతే గెలాక్సీ అనే వెబ్‌సైట్ ఉంది, బ్రౌజర్‌లోనే పని అయిపోతుంది, ఉచితం.

భాష గొడవ మొదలయ్యేది ఇక్కడే. మీ చేతిలో ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ కౌంట్ టేబుల్ (ఏ జీన్‌కి ఎన్ని రీడ్లు వచ్చాయో చెప్పే పట్టిక) ఉంటే ఇంకో ఆలోచన వద్దు, ఆర్ తెరవండి. శాంపిళ్ల మధ్య జీన్ల తేడాలు లెక్కగట్టే డీఈసెక్2, ఎడ్జ్ఆర్, లిమ్మా అన్నీ ఆర్ ప్యాకేజీలు దొరికే బయోకండక్టర్‌లో ఉన్నాయి, ఆ స్టాటిస్టిక్స్ మీరు సొంతంగా రాయాలనుకోవడం దండగ. డీఈసెక్2కి మాత్రం ముడి కౌంట్లే ఇవ్వండి, అప్పటికే సర్దుబాటు చేసిన టీపీఎం (TPM) విలువలు ఇవ్వకండి. అదే వందల ఫైళ్లు చదివి, విడగొట్టి, కలపాల్సిన పనో మెషిన్ లెర్నింగో అయితే పైథాన్. సింగిల్ సెల్ డేటాకి (ఒక్కో కణాన్ని విడిగా కొలిచిన డేటా) రెండూ నడుస్తాయి, ఆర్‌లో స్యూరట్, పైథాన్‌లో స్కాన్‌పై, పక్కనున్నవాళ్లు ఏది వాడుతుంటే అదే పట్టుకోండి, అడగడానికి మనిషైనా ఉంటారు. పెర్ల్‌లో రాసిన పాత స్క్రిప్టులు దొరుకుతాయి. చదివి అర్థం చేసుకుంటే చాలు, కొత్తగా మొదలుపెట్టకండి.

భాష ఏదైనా సరే ఒకటి మాత్రం చూసుకోవాలి. జీనోమ్‌లో భాగాలు గుర్తుపెట్టే బెడ్ (BED) ఫైల్‌లో స్థానాల లెక్క 0 నుంచి, డీఎన్ఏలో మార్పులు రాసే వీసీఎఫ్ (VCF) ఫైల్‌లో 1 నుంచి. పైథాన్ 0 నుంచి లెక్కపెడుతుంది, ఆర్ 1 నుంచి. ఇవి కలగలిస్తే ఎర్రర్ ఏమీ రాదు, అన్నీ ఒక బేస్ పక్కకి జరిగిపోతాయంతే. అదే అసలు భయం.

ఇక ఇన్‌స్టలేషన్. అన్నీ ఈ టూల్స్ దొరికే బయోకాండా నుంచి తెచ్చుకోండి, ప్రాజెక్టుకో ఎన్విరాన్‌మెంట్ (టూల్స్ విడిగా పెట్టుకునే చోటు) చొప్పున. ఒకే చోట అన్నీ కుక్కితే, ఒక టూల్‌కి పాత వెర్షన్, ఇంకోదానికి కొత్తది కావాలని కొట్టుకుంటాయి. కమాండ్లన్నీ వరసగా వాటంతట అవే నడిపించే స్నేక్‌మేక్, నెక్స్ట్‌ఫ్లో ఇప్పుడే వద్దు, శాంపిళ్లు పెరిగి ఒకే కమాండ్ పదేపదే కొట్టి విసుగొచ్చినప్పుడు చూద్దాం.