చేతికి సమాధి కట్టిన ఊరు: ‘ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్’ నవల రివ్యూ

నమస్తే అండి. ఈ పుస్తకంలో ఒక సమాధి ఉంది. మనిషిది కాదు, చేతిది.

ఆరేడేళ్ల పిల్లాడు రైలు పట్టాల దగ్గర ప్రమాదంలో ఒక చెయ్యి పోగొట్టుకుంటాడు. వాణ్ణి పెంచుతున్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె ఆ చేతికి అంత్యక్రియలు చేయిస్తుంది. పైన రాయి, రాయి మీద ఏళ్లు కూడా: 1929 నుంచి 1936. ‘స్టంప్’ అని పిలవడం మొదలుపెట్టేదీ ఆమే. స్టంప్ అంటే మొండి. రేపు బయట ఎవడో వెక్కిరించబోయే మాటని ఇంట్లోనే ముద్దుపేరు చేసేసిందన్నమాట. ఈ ఒక్క సీను నచ్చితే చాలు, పుస్తకం మొత్తం మీకు నచ్చుతుంది.

పుస్తకం పూర్తి పేరు ‘ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్ ఎట్ ది విజిల్ స్టాప్ కెఫే’. రాసింది ఫానీ ఫ్లాగ్, 1987లో వచ్చింది. విజిల్ స్టాప్ అనేది అమెరికాలో అలబామా రాష్ట్రంలో రైలు పట్టాల పక్కన ఉండే చిన్న ఊరు. ఊరు కల్పితమే గానీ, బర్మింగ్‌హామ్ పక్కన ఐరన్‌డేల్‌లో రచయిత్రి బంధువు ఒకావిడ నడిపిన కెఫే దీనికి మూలం.

ఇక కథ. ఇడ్జీ అని ఒక పిల్ల. గౌను వేసుకోమంటే వేసుకోదు, చెట్లెక్కుతుంది. ప్రాణంగా చూసుకునే అన్న బడ్డీ రైలు కింద పడి పోతాడు. అక్కణ్ణుంచి ఆ పిల్ల ఎవరి మాటా వినదు, ఇల్లు పట్టదు. కొన్నేళ్ల తర్వాత ఒక వేసవిలో చర్చి పనిమీద రూత్ అనే అమ్మాయి వచ్చి వాళ్లింట్లో ఉంటుంది. ఇడ్జీ ఒక్కసారిగా ఇంటిపట్టున ఉండటం మొదలుపెడుతుంది! అప్పుడు వాళ్లమ్మ మిగతా పిల్లల్ని కూర్చోబెట్టి, మీ చెల్లి మనసు పారేసుకుంది, ఎవరూ నవ్వడానికి వీల్లేదు అని చెప్తుంది. అంతే. 1920ల అలబామాలో ఒక తల్లి. నేను ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

సినిమా చూశాం కదా అనేవాళ్లు ఉంటారు, 1991లో వచ్చింది. బాగుంటుంది, కాదనను. కానీ అందులో రూత్‌ని బడ్డీ ఇష్టపడ్డ అమ్మాయిగా మార్చారు. అతను చనిపోయినప్పుడు ఆమె అక్కడే ఉంటుంది. దాంతో ఏమైందంటే, వీళ్లిద్దరి మధ్య ఉన్నది ఒకే చావుకి ఏడ్చినవాళ్ల చెలిమిలా కనిపిస్తుంది. పుస్తకంలో రూత్‌కి బడ్డీతో పరిచయమే లేదు. ఆమె ఆ పుండుకి కట్టు కట్టడానికి రాలేదు. ఇడ్జీ దుఃఖం ఇడ్జీదే, ప్రేమ వేరే వచ్చింది. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి, ఒకటి వచ్చిందని రెండోది ఖాళీ చేసి పోదు. నాకు ఈ నవలలో అన్నిటికన్నా నిజం అనిపించింది ఇదే.

తేనెటీగల సీను గురించి చెప్పకుండా ఉండలేను. ఇడ్జీ రూత్‌ని పిక్నిక్‌కి తీసుకెళ్లి, తేనెపట్టున్న చెట్టు తొర్రలో చెయ్యి పెడుతుంది. ఒళ్లంతా ఈగలు. నవ్వుతూ తేనె సీసా చేతికిస్తే రూత్ భయంతో ఏడ్చేస్తుంది. తను ఈ పిల్లని ప్రేమిస్తున్నానని రూత్‌కి తెలిసేది ఆ ఏడుపులోనే.

తెలిసినా లాభం లేదు, ఇచ్చిన మాట కోసం జార్జియా వెళ్లి పెళ్లి చేసుకుంటుంది. మొగుడు కొడతాడు. ఒకరోజు ఇడ్జీకి కవర్ వస్తుంది. లోపల బైబిల్లోంచి చింపిన కాగితం, రూతు గ్రంథం మొదటి అధ్యాయం. మన తెలుగు బైబిల్లో ఆ మాటలు ఇలా ఉంటాయి: “నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను, నీవు నివసించుచోటనే నేను నివసించెదను.” పెళ్లిళ్లలో చదివే వాక్యం ఇది. నిజానికి భర్త పోయిన కోడలు, భర్తనీ కొడుకుల్నీ పోగొట్టుకున్న అత్తతో అన్న మాట. ప్రేమలేఖకి ఇంతకన్నా మంచి కాగితం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి!

ఇడ్జీ వెళ్లి రూత్‌ని వెనక్కి తెచ్చేసుకుంటుంది. రూత్‌నీ, పుట్టబోయే బిడ్డనీ (ఆ బిడ్డే స్టంప్) చూసుకోవాల్సింది నువ్వే అని ఇడ్జీ నాన్న ఐదొందల డాలర్లు చేతిలో పెడతాడు. ఆ డబ్బుతో కెఫే తెరుస్తారు, 1929 జూన్‌లో. ఆ అక్టోబర్‌లోనే షేర్ మార్కెట్ కుప్పకూలింది. ఆకలితో రైలు దిగినవాళ్లకి పెట్టడమే ఆ కెఫే కథ.

ఈ కథలు చెప్పేది నినీ అనే ముసలావిడ, 1985లో, ఒక వృద్ధాశ్రమంలో. వినేది ఎవెలిన్, నలభై ఎనిమిదేళ్లు, బతుకు మీద ఆశ వదిలేసుకున్న మనిషి. నవల నిజంగా ఓదార్చేది ఎవెలిన్‌నే. వారం వారం వచ్చి, ఏదో తింటూ, వింటుంది. నినీ సలహాల కన్నా కథలే ఎక్కువ చెప్తుంది. తనూ భర్తని, కొడుకుని పోగొట్టుకున్న మనిషే.

నచ్చనివీ ఉన్నాయి. రొమాన్స్ అని తెరిస్తే నిరాశే, ఎందుకంటే నవల వాళ్ల గదిలోకి తొంగిచూడదు. వాళ్లిద్దరూ ఒంటరిగా ఏం మాట్లాడుకునేవారో మనకి దొరికేది చాలా తక్కువ. ఏళ్లు ముందుకీ వెనక్కీ దూకుతాయి, అధ్యాయం పైన తేదీ చూడకపోతే తికమకే. పెద్ద ఫిర్యాదు ఇంకోటి: సిప్సీ, ఆన్‌జెల్, బిగ్ జార్జ్ లాంటి నల్లజాతి పాత్రలు. కెఫేలో వంట వాళ్లది, వాళ్ల జనం తిండి కొనుక్కునేది వెనక తలుపు దగ్గర. నవలకి ఆ అన్యాయం తెలుసు, చూపిస్తుంది కూడా. అయినా ఊరంటే ముద్దు ఎక్కువై, వాళ్ల దుఃఖాన్ని తెల్లవాళ్ల దుఃఖమంత సేపు పట్టుకోదు.

ఇక్కణ్ణుంచి స్పాయిలర్, వద్దనుకునేవాళ్లు ఒక నిమిషం ముందుకి జరపండి.

రూత్ కేన్సర్‌తో చనిపోతుంది. 1950ల్లో అమెరికాలో చవక పేపర్‌బ్యాక్‌లుగా వచ్చిన ఇలాంటి కథల్లో ఇద్దరమ్మాయిలు సుఖంగా మిగలకూడదన్నట్టే రాయించేవారు. చావో, పిచ్చో, మగాడితో పెళ్లో. ఇదీ అదేనా అని నాకూ ఒళ్లు మండింది. కానీ కాదు. ఏళ్ల తరబడి కలిసి ఉండి, పిల్లాణ్ణి పెంచి, ఊరందరికీ అన్నం పెట్టాక వచ్చిన చావు ఇది. ప్రేమించినందుకు పడిన శిక్షలా లేదు.

చేతికి సమాధి కట్టించిన ఇడ్జీ, రూత్ పోయాక ఎలా ఏడ్చిందో నవల మనల్ని దగ్గరికెళ్లి చూడనివ్వదు. మొదట కోపమొచ్చింది. అయితే చివరి పేజీల్లో, చాలా ఏళ్ల తర్వాత, ఫ్లోరిడాలో రోడ్డు పక్కన చిన్న కొట్టు. అక్కడ ఒక ముసలావిడ, ఆగిన కారులోంచి దిగిన చిన్నపిల్లకి డబ్బులు తీసుకోకుండా ఒక తేనె సీసా ఇస్తుంది.