దీప్తి పరుగెత్తే టీ20 అంటే ఏమిటి?

నమస్కారం. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవాంజి 2024 సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచినప్పుడు, కాళ్లూ చేతులూ చక్కగా ఉన్న అమ్మాయికి పారాలింపిక్స్‌లో చోటెలా దొరికిందన్న సందేహం చాలామందికి వచ్చే ఉంటుంది.

ఆమె పోటీపడేది టీ20 విభాగంలో. క్రికెట్‌కూ దీనికీ సంబంధం లేదు. ట్రాక్ పోటీల్లో ఈ సంఖ్య మేధోపరమైన వైకల్యాన్ని సూచిస్తుంది. అది పైకి కనిపించదు కానీ, పరుగులో బయటపడుతుంది. 400 మీటర్లను మొదటి నుంచి చివరి దాకా పూర్తి వేగంతో ఎవరూ పరుగెత్తలేరు. బయటి లేన్లలో ఉన్నవారు తమకంటే ముందున్నట్టు కనిపిస్తున్నా కంగారుపడకుండా, మొదటి 200 మీటర్లలో ఎంత శక్తి ఖర్చుచేయాలో, చివరి మలుపుకు ఎంత మిగుల్చుకోవాలో క్షణక్షణం అంచనా వేసుకోవాలి. ఈ అథ్లెట్లకు కష్టమయ్యేది సరిగ్గా ఆ అంచనాయే.

మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగాల్లో అర్హత పరీక్షలు కఠినంగా ఉండటానికి ఒక చేదు కారణం ఉంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో 12 మందికి గాను 10 మందికి అసలు వైకల్యమే లేదని తేలింది. దాంతో మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారులందరినీ పారాలింపిక్స్ నుంచి పక్కన పెట్టారు. మళ్లీ 2012 లండన్‌లోనే వారికి తలుపులు తెరుచుకున్నాయి. మోసం చేసింది ఒక జట్టయితే, శిక్ష అనుభవించింది నిజమైన అథ్లెట్లు.

ఇక పారిస్ ఫైనల్ సంగతి. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబెలో దీప్తి 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించి ప్రపంచ ఛాంపియన్ అయింది. పారిస్‌లో ఫైనల్‌కు ముందు జరిగిన హీట్స్‌లో తుర్కియే అమ్మాయి ఐసెల్ ఓండర్ 54.96తో ఆ రికార్డును చెరిపేసింది. తీరా ఫైనల్లో ఓండర్ కూడా గెలవలేదు. ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షుల్యార్ 55.16తో స్వర్ణం, ఓండర్ 55.23తో రజతం, దీప్తి 55.82తో కాంస్యం అందుకున్నారు. కోబెలో పరుగెత్తినట్టే పరుగెత్తి ఉంటే స్వర్ణం దీప్తిదే అయ్యేది. కోటి రూపాయల నజరానా, గ్రూప్-2 ఉద్యోగం గురించి మన దగ్గర జరిగినంత చర్చ 55.07కూ 55.82కూ మధ్య ఉన్న ఈ ముప్పావు సెకను గురించి జరగలేదు. అప్పటి కోచ్ నాగపురి రమేశ్‌కూ ఆమెకూ అసలు పని అక్కడే మిగిలింది. 2025లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో దీప్తి రజతం గెలిచింది. స్వర్ణం ఓండర్‌కు దక్కింది.