చింతాకు నీళ్లలో ముల్లంగి గింజ

అందరికీ నమస్కారం.

నా చేతుల్లో రెండు గాజు గొట్టాలున్నాయి, చూడండి. ఎడమ చేతిలోది డీపీపీహెచ్ అనే పొడిని మిథనాల్‌లో కరిగించిన ద్రావణం. నేరేడు పళ్లు తిన్న నాలుకలా ఊదాగా ఉంది కదా! కుడి చేతిలోదీ అదే. కాకపోతే ఇక్కడికి వచ్చే ముందు ఇందులో చింతాకు సారం కొన్ని చుక్కలు వేసి అరగంట చీకట్లో ఉంచాను. లేత పసుపుకి దిగిపోయింది.

డీపీపీహెచ్ ఒక ఫ్రీ రాడికల్. దానిలో ఒక ఎలక్ట్రాన్‌కి జత ఉండదు. ఆకులోని ఫీనాల్స్, ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలు ఆ లోటు పూడ్చగానే ఊదా రంగు పోతుంది. ఇలా ఫ్రీ రాడికల్‌ని చల్లార్చే పదార్థాల్నే యాంటీ ఆక్సిడెంట్లు అంటాం. రంగు ఎంత పోయిందో 517 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతితో కొలుస్తాం. 1958లో బ్లోయిస్ అనే శాస్త్రవేత్త ప్రచురించిన పద్ధతి ఇది. వేప, ఉసిరి, కరక్కాయ, ఏ చెట్టు సారం తెచ్చినా ఇప్పటికీ మన ల్యాబుల్లో ముందు ఈ పరీక్షే చేస్తాం.

ఇప్పుడు అదే చింతాకుని నీళ్లలో నానబెట్టి, వడగట్టి ముల్లంగి గింజల మీద పోయండి. మంచినీళ్ల గింజకి మూడో రోజుకల్లా తెల్లటి వేరు దిగుతుంది, వేరు చుట్టూ దూదిలాంటి నూగు వస్తుంది. చిక్కటి చింతాకు నీళ్లలో వేరు పొట్టిగా ఆగిపోతుంది, కొన్ని గింజలైతే అసలు పగలవు. గట్టు మీద చింతచెట్టున్న రైతుకి ఇది కొత్త సంగతి కాదు, ఆ చెట్టు కింద పైరు ఎదగదని చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంటాడు. ఒక మొక్క తన రసాయనాలతో మరో మొక్క మీద చూపే ప్రభావానికి 1937లో హాన్స్ మోలిష్ అనే వృక్షశాస్త్రవేత్త అల్లెలోపతి అని పేరు పెట్టాడు.

సరిగ్గా ఇక్కడే మనం తొందరపడతాం. చింతాకు పుల్లన, అందులో టార్టారిక్ ఆమ్లం ఉంది. వేరుని ఆపింది ఫీనాల్సా, పులుపా? రసం మరీ చిక్కగా ఉండి గింజ నీళ్లు పీల్చుకోలేకపోయిందా? పొలంలోనైతే దట్టమైన నీడ కూడా ఉంది, ఆ నీడ వాటా ఎంత? అందుకే మూడో గిన్నె కావాలి: చింతాకు నీళ్లంత పులుపే ఉండేలా టార్టారిక్ ఆమ్లం కలిపిన నీళ్లు. ఆ గిన్నె లేకుండా తెచ్చిన ప్రాజెక్టు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అంత కష్టం వృథా అయిపోతుందని. మోతాదు మాట కూడా మరవకండి. చిక్కగా పోస్తే మొలకని ఆపే రసమే, బాగా పలచన చేసి పోస్తే ఒక్కోసారి పెరుగుదలకి సాయపడుతుంది.

ఇదంతా ఎందుకంటారా? పార్కుల్లో ఎర్రటి కుంచెల్లా పూసే బాటిల్ బ్రష్ చెట్టు మీకు తెలుసు. 1977లో కాలిఫోర్నియాలో ఒక శాస్త్రవేత్త ఆ చెట్టు కింద కలుపు పెద్దగా లేదని గమనించాడు. కారణం లెప్టోస్పెర్మోన్ అనే పదార్థం. దాన్ని నమూనాగా పెట్టుకుని రసాయన శాస్త్రవేత్తలు మెసోట్రియోన్ తయారు చేశారు, మొక్కజొన్న చేలల్లో వాడే కలుపు మందు. అది మొక్కలో ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో విటమిన్ ఇ, కెరోటినాయిడ్లు తయారు కావు. ఆ రక్షణ లేని ఆకు ఎండకి తెల్లబారి చచ్చిపోతుంది. అంటే కలుపు మొక్క సొంత యాంటీ ఆక్సిడెంట్ల మీదే దెబ్బ! మొక్కజొన్న మాత్రం ఆ మందుని త్వరగా విరగ్గొట్టుకుని బతుకుతుంది. ఈ ఒక్క సంగతి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. గొట్టంలో రంగు మారిందని ఆ ఆకు కషాయం రోజూ తాగేయకండి. పేగులూ కాలేయమూ దాటి రక్తంలోకి అది ఎంత చేరుతుంది, చేరి ఏం చేస్తుంది అనేది పూర్తిగా వేరే ప్రశ్న. దానికి జవాబు ఈ గొట్టంలో లేదు.

బల్ల మీద ముల్లంగి విత్తనాల పొట్లాలు పెట్టాను, తలా ఒకటి తీసుకెళ్లండి. మూడు గిన్నెలు, ఒక్కోదానిలో తడి ఫిల్టర్ పేపర్ మీద 20 గింజలు. నాలుగో రోజు స్కేలు పెట్టి వేర్లు కొలవండి. ఆమ్లం కలిపిన పుల్లనీళ్ల గిన్నె ముందు కొలవండి.